నరాల జబ్బు వెనుక క్యాన్సర్ జాడ: యాంటీబాడీ పరీక్షలను పద్ధతిగా చేయాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి నరాల వైద్యం కోసం విశాఖపట్నం వెళ్లేవారిలో కొద్దిమందికి అసలు జబ్బు నరాల్లో మొదలవదు. ఊపిరితిత్తిలోనో, అండాశయంలోనో, రొమ్ములోనో ఇంకా ఎవరి కంటా పడని క్యాన్సర్ గడ్డ ఒకటి ఉంటుంది. ఆ గడ్డలో పుట్టే కొన్ని ప్రోటీన్లు మామూలుగా మెదడులోనూ నరాల్లోనూ ఉండేవే కావడం వల్ల, గడ్డను ఎదుర్కోవడానికి లేచిన రోగనిరోధక వ్యవస్థ మెదడు మీద, నరాల మీద కూడా దాడి చేస్తుంది. వైద్యులు దీన్ని పారానియోప్లాస్టిక్ న్యూరలాజికల్ సిండ్రోమ్ అంటారు. క్యాన్సర్ మెదడుకు పాకడం వేరు, ఇది వేరు. దీన్ని గుర్తించడానికి, యాంటీబాడీలు (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే, ఫలానా ప్రోటీన్‌ను పట్టుకునే పదార్థాలు) ఉన్నాయేమో అని రక్తంలోనూ వెన్ను నుంచి తీసిన నీటిలోనూ చేసే పరీక్షలు ఇప్పుడు మన జిల్లా కేంద్రాల్లోని శాంపిల్ కలెక్షన్ సెంటర్ల దాకా వచ్చాయి. అవి రావడం ఎంతో మేలు. కానీ ఎవరికి చేయించాలి, ఎప్పుడు చేయించాలి, ఏ వివరాలు జతచేసి పంపాలి, వచ్చిన రిపోర్టును ఎలా చదవాలి అన్నది తేల్చుకోకుండా వాడడం వల్ల జబ్బు ఉన్నవారికి ఆలస్యం, లేనివారికి అనవసరమైన భయం రెండూ మిగులుతున్నాయి. వైద్య ప్రయోగశాలలో పనిచేస్తూ ఈ రెండింటినీ దగ్గర నుంచి చూస్తున్నందువల్ల ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ జబ్బు అరుదైనదని ముందే చెప్పాలి. క్యాన్సర్ ఉన్న ప్రతి వందమందిలో ఒక్కరికైనా రాదు. అయినా దీన్ని పట్టించుకోక తప్పదని అనడానికి కారణం ఉంది. ఎక్కువమందిలో క్యాన్సర్ బయటపడకముందే నరాల లక్షణాలు మొదలవుతాయి. అంటే గడ్డ చిన్నదిగా, తీసివేయడానికి వీలుగా ఉన్న దశలోనే దాని ఉనికి తెలుసుకునే అవకాశం దొరుకుతుంది. ఆ అవకాశాన్ని గుర్తుపట్టడానికి పెద్ద యంత్రాలేమీ అవసరం లేదు, లక్షణాలు ముదిరే వేగాన్ని గమనిస్తే చాలు. నడక తూలడం, మాట ముద్దగా రావడం, గ్లాసు అందుకోబోతే చెయ్యి గురి తప్పడం వంటివి ఏళ్ల తరబడి నెమ్మదిగా కాక వారాల్లో ముదిరి, మూడు నెలలు తిరగకుండానే మనిషిని గోడ పట్టుకుని నడిచే స్థితికి తెస్తే, అది చిన్నమెదడు దెబ్బతింటున్న సూచన. అప్పుడు మెదడు ఎమ్మారై మామూలుగా ఉందన్న మాటను పట్టుకుని ఊరుకోకూడదు, ఎందుకంటే ఈ జబ్బు తొలిదశలో ఎమ్మారైలో ఏమీ కనిపించకపోవడం సాధారణమే.

ఆమదాలవలస దగ్గరి పల్లెలో బట్టలు కుట్టి ఇల్లు నడుపుకునే ఒక ఆమె సంగతి చెబుతాను. కుట్టుమిషన్ తొక్కుతుంటే పాదం పెడలు మీద నిలవడం లేదని మొదట ఆమే గమనించింది. తర్వాత సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది, కొన్నాళ్లకు వాకిట్లోంచి వీధిలోకి దిగాలంటే కూతురి భుజం కావలసి వచ్చింది. చెవిలో తేడా అని తల తిరుగుడు మాత్రలు, నరాల బలహీనత అని సూదిమందులు, చివరికి మనోవ్యాధి అని నిద్రమాత్రలు రాశారు. ఇలా నెలలు గడిచాక ఒక నరాల వైద్యుడు యాంటీబాడీ పరీక్షకు పంపితే యో అనే యాంటీబాడీ బలంగా కనిపించింది, రెండో పద్ధతిలో చేసిన పరీక్షలోనూ అదే రుజువైంది. ఈ యాంటీబాడీ ఉన్నవారిలో 90 శాతానికి పైగా క్యాన్సర్ ఉంటుంది, అదీ ప్రధానంగా అండాశయంలో లేదా రొమ్ములో. పొత్తికడుపు స్కానింగ్‌లో అండాశయం మీద చిన్న గడ్డ దొరికింది, ఆపరేషన్ చేసి తీశారు. ప్రాణం దక్కింది, నడక మాత్రం తిరిగి రాలేదు. చిన్నమెదడులోని పుర్కింజీ కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. పాదం పెడలు మీద నిలవని రోజుల్లోనే ఈ పరీక్ష జరిగి ఉంటే ఎంత నడక మిగిలేదో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు గానీ, మిగిలే అవకాశమంటూ ఉన్నది ఆ వారాల్లోనే.

ఇక రెండో వైపు. విజయనగరం జిల్లాలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్న ఒక బస్సు డ్రైవరుకు చాలాకాలంగా మధుమేహం ఉంది, అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు. ఎవరో రాసిచ్చిన పరీక్షల చీటీలో పెద్ద యాంటీబాడీ ప్యానెల్, అంటే ఎన్నో యాంటీబాడీలను ఒకేసారి చూసే పరీక్ష, కూడా చేరింది. రిపోర్టు ఫోనులో వచ్చింది, పన్నెండు పేర్ల వరసలో ఒకదాని ఎదురుగా ‘వీక్ పాజిటివ్’ అని ఉంది. కొడుకు ఆ ఫోను పట్టుకుని వచ్చి, “బాబూ, ఈ గీత ఉందంటే మా నాన్నకి క్యాన్సరేనా?” అని అడిగినప్పుడు అతని చెయ్యి వణుకుతోంది. ఒళ్లంతా స్కానింగ్ తీయించడానికి అప్పటికే ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టేశారు. ఆ బలహీనమైన గీత కూడా యో యాంటీబాడీదే. అది దాదాపు ఎప్పుడూ ఆడవారిలోనే, అదీ నడక తూలే రోగుల్లోనే కనిపించే యాంటీబాడీ. మధుమేహంతో అరికాళ్లు మండే మగమనిషిలో అది లేత గీతగా కనిపిస్తే ముందు అనుమానించవలసింది మనిషిని కాదు, పరీక్షను. తర్వాత మరో ప్రయోగశాలలో ఎలుక మెదడు కోతల మీద పరీక్షిస్తే యాంటీబాడీ లేదని తేలింది. మధ్యలో ఆ ఇంట్లో గడిచిన రోజులకు ఎవరూ జవాబుదారీ కాలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే పరీక్ష జరిగే తీరు కొంచెం తెలియాలి. కలెక్షన్ సెంటర్ల ద్వారా వెళ్లే శాంపిళ్లకు ఎక్కువగా చేసేది లైన్ బ్లాట్. వేలెడు వెడల్పు కూడా లేని సన్నని పట్టీ మీద హు, యో, రి, సీవీ2, ఎంఏ2, యాంఫిఫైసిన్ వంటి ప్రోటీన్లను ఒకదాని కింద ఒకటి గీతలుగా అతికించి ఉంచుతారు. రోగి సీరమ్‌లో, అంటే రక్తం గడ్డకట్టాక తేరే ద్రవంలో, దానికి సరిపడే యాంటీబాడీ ఉంటే ఆ గీత ముదురు రంగు తేలుతుంది. ఆ రంగు ఎంత ముదురో యంత్రం కొలిచి అంకె ఇస్తుంది. ఒకేసారి ఎన్నో యాంటీబాడీలు చూడగలగడం, ఖరీదైన సూక్ష్మదర్శిని లేకుండానే చేయగలగడం దీని బలం. అయితే గీత లేతగా పడినప్పుడు అందులో చాలా భాగం నిజమైన యాంటీబాడీ కాకపోవచ్చన్నది ఈ రంగంలో పనిచేసేవారందరూ ఒప్పుకున్న విషయం. అందుకే రెండో పరీక్ష కావాలి. ఎలుక మెదడు పలుచని కోతల మీద రోగి సీరమ్ వేసి, మెరిసే రంగుపదార్థం కలిపి ఫ్లోరెసెన్స్ సూక్ష్మదర్శినిలో చూస్తారు. హు యాంటీబాడీ అయితే నరకణాల కేంద్రకాలు మెరుస్తాయి, యో అయితే చిన్నమెదడులోని పుర్కింజీ కణాల లోపలి పదార్థం మెరుస్తుంది. పట్టీ మీద గీత, కోత మీద మెరుపు రెండూ ఒకే మాట చెబితేనే రిపోర్టుకు బలం. కణాల ఉపరితలం మీది ప్రోటీన్లను పట్టే యాంటీబాడీలకు లైన్ బ్లాట్ పనికిరాదు. వాటికి ఆ ప్రోటీన్‌ను తయారుచేసే కణాలను పెంచి వాటి మీద చేసే సెల్ బేస్డ్ పరీక్ష కావాలి.

దీనికి తోడు లెక్క ఒకటి ఉంది. ఉదాహరణకు ఒక పరీక్ష ఆరోగ్యవంతుల్లో నూటికి ఒక్కరిని మాత్రమే పొరపాటుగా పాజిటివ్ అంటుందని అనుకుందాం, వినడానికి చాలా మంచి పరీక్షే. తిమ్మిర్లని వచ్చిన వెయ్యిమందికీ విచక్షణ లేకుండా చేస్తే, వారిలో నిజంగా ఈ జబ్బు ఉన్నది ఒక్కరే అనుకుంటే, ఆ ఒక్కరి కోసం దాదాపు పదిమంది ఇళ్లలో క్యాన్సర్ అన్న మాట అకారణంగా అడుగుపెడుతుంది. మన ప్రాంతంలో తిమ్మిర్లకు మధుమేహం, బీ12 లోపం, మద్యం వంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. ఉద్దానంలో కిడ్నీలు పాడైన వారి కాళ్లలో తిమ్మిర్లు, మంటలు రక్తంలో పేరుకున్న మలినాల వల్ల కూడా వస్తాయి. వీటిని ముందు చూడకుండా నేరుగా పెద్ద ప్యానెల్ రాయడం రోగికి సేవ కాదు.

ఈ రంగంలోని నిపుణులు 2021లో సవరించిన ప్రమాణాలను చూసినా ఇదే అర్థమవుతుంది. అందులో మూడు అంశాలకు మార్కులు ఇస్తారు. లక్షణాల తీరుకు ఎక్కువలో ఎక్కువ 3, యాంటీబాడీకి 3, దానికి తగిన క్యాన్సర్ దొరికితే 4. మొత్తం 8 వస్తేనే జబ్బు కచ్చితమంటారు, 6 లేదా 7 వస్తే ఉండే అవకాశం ఎక్కువంటారు. యాంటీబాడీ ఎంత బలంగా ఉన్నా దానికి దక్కేది మూడే మార్కులు. లక్షణాలు సరిపోకపోతే ఆ మూడింటితో ఏమీ తేలదు. మరి మన దగ్గర మూడు మార్కుల కాగితాన్ని పూర్తి తీర్పుగా చదువుతున్నాం.

అలాగని నెగటివ్ వస్తే నిశ్చింతగా ఉండవచ్చని కూడా కాదు. యాంటీబాడీ ఏదీ దొరకని కేసులూ ఉన్నాయి. కొన్నింటిలో రక్తంలో కనిపించనిది వెన్నునీటిలో కనిపిస్తుంది. ఎన్ఎండీఏ రిసెప్టర్ యాంటీబాడీ దీనికి మంచి ఉదాహరణ, రక్తం ఒక్కటే పంపితే కొందరిలో అది దొరకదు. 2007లో నరాల వైద్యుడు జోసెప్ డాల్మావ్ బృందం ఈ యాంటీబాడీతో వచ్చే మెదడు జబ్బును వివరించింది, ముఖ్యంగా అండాశయంలో టెరటోమా అనే గడ్డ ఉన్న యువతుల్లో. మొదట నిద్ర పట్టదు, పొంతన లేని మాటలు, భయాలు, అరుపులు, తర్వాత మూర్ఛలు, నోరు ముఖం వింతగా కదలడం, మాట పడిపోవడం. పార్వతీపురం, పాలకొండ వైపు ఇలాంటి పిల్ల కనిపిస్తే చిల్లంగి పెట్టారని తాయెత్తులు కట్టించేవారు ఇప్పటికీ ఉన్నారు. చదువుకున్న ఇళ్లలోనైతే మానసిక జబ్బని నెలలకు నెలలు మందులు వాడతారు. ఈ జబ్బు మీద 577 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండేళ్లు తిరిగేసరికి దాదాపు 80 శాతం మంది తమ పనులు తాము చేసుకునే స్థితికి వచ్చారు. ఇంత బాగా కోలుకునే జబ్బును చిల్లంగి అని వదిలేయడం కంటే బాధాకరమైనది నాకు తెలిసి లేదు.

ఇక్కడ ఒక భేదం తెలుసుకోవాలి. హు, యో, రి వంటివి నరకణం లోపలి ప్రోటీన్లను పట్టే యాంటీబాడీలు. వీటిలో కణాన్ని చంపేది ప్రధానంగా రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు, యాంటీబాడీ దానికి సాక్షి మాత్రమే, కాబట్టి మందులకు స్పందన తక్కువ. అక్కడ మొదటి పని గడ్డను వెతికి తీయడం. ఎన్ఎండీఏ, ఎల్‌జీఐ1 వంటివి కణం ఉపరితలం మీది ప్రోటీన్లను పట్టేవి. అక్కడ యాంటీబాడీయే హాని చేస్తుంది, స్టెరాయిడ్లు, ఇమ్యూనోగ్లోబ్యులిన్, ప్లాస్మా మార్పిడి వంటి వైద్యానికి రోగి లేచి కూర్చుంటాడు. ఎల్‌జీఐ1 యాంటీబాడీ ఉన్నవారిలో క్యాన్సర్ పదిమందిలో ఒకరికైనా ఉండదు. ఇది ఎక్కువగా పెద్దవయసులో వస్తుంది, మతిమరుపు, ముఖం చెయ్యి ఒకే పక్కకు క్షణంపాటు గుంజినట్టు రోజుకు ఎన్నోసార్లు కొట్టుకోవడం, రక్తంలో సోడియం తగ్గడం దీని గుర్తులు. మన జిల్లాల్లో వేసవిలో ముసలివారికి ఉప్పు తగ్గిందని సెలైన్ ఎక్కించి పంపేయడం మామూలే. చాలామందికి అంతే సరిపోతుంది. కానీ ఆ గుంజుడు కూడా ఉందేమో అని ఒక్కసారి అడిగితే, వారిలో ఏ ఒక్కరిదో జ్ఞాపకశక్తి నిలబడవచ్చు.

అడగవలసిన ప్రశ్న ఇంకొకటి మన తీరప్రాంతానిదే. హు యాంటీబాడీకీ, తొడలు బలహీనపడి కింద కూర్చుంటే లేవలేకపోయే లాంబర్ట్ ఈటన్ జబ్బుకూ ఊపిరితిత్తుల్లో వచ్చే స్మాల్ సెల్ క్యాన్సర్‌తో దగ్గరి సంబంధం ఉంది, ఆ క్యాన్సర్‌కు పొగాకుతో విడదీయలేని సంబంధం ఉంది. పెద్ద నగరంలోని వైద్యుడు చీరకట్టుకుని వచ్చిన అరవై ఏళ్ల మనిషిని పొగతాగుతావా అని అడగడు. మన ఊళ్లలో చుట్ట నిప్పువైపును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మలు, అవ్వలు ఎంతోమంది. అడ్డపొగతో అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి దశాబ్దాలుగా వైద్యులు రాస్తూనే ఉన్నారు. చుట్ట తాగే మనిషి ఛాతీ గురించి కూడా ఆలోచించాలంటే, ఆమె చుట్ట తాగుతుందన్న మాట శాంపిల్‌తో పంపే కాగితంలో ఉండాలి కదా. ఇప్పుడు ఆ కాగితంలో పేరు, వయసు, పరీక్ష పేరు తప్ప ఏమీ ఉండడం లేదు.

నా మొదటి విన్నపం ఆ కాగితం గురించే. పంపే వైద్యుడు లక్షణాలేమిటో, ఎన్ని వారాల్లో ముదిరాయో, బరువు తగ్గిందో లేదో, పొగాకు అలవాటు ఏ రూపంలో ఉందో, ఇప్పటికే ఏ మందులిచ్చారో ఒక పేజీలో రాయకుండా ఏ సెంటరూ ఈ శాంపిల్ తీసుకోకూడదు. మందుల సంగతి ముఖ్యం. ఇమ్యూనోగ్లోబ్యులిన్ వేలమంది దాతల ప్లాస్మా కలిపి తయారుచేసేది. అది ఎక్కించాక రక్తం తీస్తే దాతల యాంటీబాడీలే రోగివిగా కనిపించవచ్చు. ప్లాస్మా మార్పిడి తర్వాత తీస్తే ఉన్నవే కనిపించకపోవచ్చు. వైద్యం ఆపి పరీక్ష కోసం ఎదురుచూడమని నేను అనడం లేదు, వైద్యానికి ముందు రెండు గొట్టాల రక్తం తీసి సీరమ్ విడదీసి భద్రపరచడానికి కొద్ది నిమిషాలు చాలు. వెన్నునీరు తీసినప్పుడు మామూలు పరీక్షలకు పోగా మిగిలినదాన్ని పారబోయకుండా డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే, తర్వాత మళ్లీ రోగి వెన్నులో సూది గుచ్చవలసిన పని తప్పుతుంది. మన రెండు జిల్లాల ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఇది రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

రెండో విన్నపం ప్రభుత్వానికి. బెంగళూరులో మెదడు, మానసిక జబ్బుల జాతీయ సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటి పరీక్షలకు ప్రత్యేక ప్రయోగశాల ఉంది. ఉత్తరాంధ్ర మొత్తానికి విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), ఆంధ్ర వైద్య కళాశాల గొడుగు కింద ఒక నిర్ధారణ ప్రయోగశాల ఉండాలి, అందులో మెదడు కోతల పరీక్ష చేయగల ఒకరిద్దరు నిపుణులు, చూసి చెప్పే నరాల వైద్యుడు ఉండాలి. లేత గీత పడిన ప్రతి శాంపిల్ అక్కడికి వెళ్లాలి, అక్కడ తేలేదాకా రోగి చేతికి పాజిటివ్ అన్న మాట ఇవ్వకూడదు. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉండనే ఉంది. యాంటీబాడీ రుజువైన రోగిని తిన్నగా అక్కడికి పంపి, ఛాతీ నుంచి పొత్తికడుపు దాకా సీటీ, అందులో దొరకకపోతే పెట్ సీటీ, ఆడవారికి రొమ్ము పరీక్ష, మగపిల్లలకు వృషణాల స్కానింగ్ చేసే ఏర్పాటు కావాలి. ఎంఏ2 యాంటీబాడీ ఉన్న యువకుల్లో గడ్డ తరచు వృషణంలోనే ఉంటుంది, సిగ్గుతో ఆ పరీక్ష దాటవేయడం ప్రాణం మీదికి తెస్తుంది.

మొదటిసారి వెతికినప్పుడు గడ్డ దొరకకపోవడం కొత్తేమీ కాదు. బలమైన యాంటీబాడీ ఉన్నవారిని నాలుగు నుంచి ఆరు నెలలకొకసారి చొప్పున రెండేళ్లు వెతకాలని ప్రమాణాలు చెబుతున్నాయి. టెక్కలి నుంచో సాలూరు నుంచో వచ్చే కూలి కుటుంబం మొదటి స్కానింగ్ అయ్యాక మళ్లీ రాదు, రావడానికి దగ్గర ఏమీ ఉండదు. కాబట్టి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద ఈ యాంటీబాడీ పరీక్ష, దాని నిర్ధారణ, గడ్డ కోసం వెతుకులాట, రెండేళ్ల పాటు మళ్లీ మళ్లీ చేసే స్కానింగులు, రానుపోను ఖర్చు అన్నీ ఒకే ప్యాకేజీగా స్పష్టంగా ప్రకటించాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను. నరాల వైద్యుడి సిఫారసు ఉన్నవారికే ఇది వర్తిస్తుందని నియమం పెడితే దుర్వినియోగం గురించిన భయం కూడా ఉండదు. తిరిగి రావలసిన తేదీ దాటిన రోగి పేరు ఆ ఊరి ఆశా కార్యకర్తకు చేరేలా ఏర్పాటు చేయాలి. క్షయ రోగుల విషయంలో ఇలా ఇంటికి వెళ్లి పలకరించే పద్ధతి మనకు అలవాటైనదే, కొత్తగా ఉద్యోగాలు సృష్టించనక్కరలేదు.

ఇట్లు,
ఒక వైద్య ప్రయోగశాల ఉద్యోగి,
శ్రీకాకుళం